హంసలు లేని పరదా

మొన్న అక్క ఫోటో పెద్దది చేయించడానికి అబిడ్స్‌లో ఒక ప్రింటింగ్ షాపుకు వెళ్లాను. సంవత్సరీకం దగ్గరకొచ్చింది, గోడకు పెట్టుకోవడానికి ఒక మంచి ఫోటో కావాలి కదా. కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన నా ఫోన్‌లోని ఫోటోను తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని కాసేపు చూశాడు. అందులో అక్క ఓడ రెయిలింగ్ పక్కన నిలబడి ఉంది. వెనక నది, నది అవతల కొండ, కొండ మీద కోట. "వెనక పరదా తీసేసి ప్లెయిన్ నీలం రంగు పెట్టాల్నా అమ్మా? దండేసే ఫోటోలకు అందరు గట్లనే పెట్టిస్తున్నరు," అన్నాడు. అది పరదా కాదు, యూరప్‌లోని రైన్ నది, ఆ ఫోటో తీస్తున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట చెప్పడం నేను మానేసి చాలా కాలమైంది.

మా బావకు ఆ షాపుకు నాలుగు సందుల అవతల, ఇరుకు మెట్లెక్కి పోయే ఫోటో స్టూడియో ఉండేది. అందులో గోడ నిండా ఒక పరదా. సుల్తాన్ బజార్‌లో సినిమా బ్యానర్లు రాసే ఒకాయన దాన్ని గీసిచ్చాడు. ఆయన విదేశాలు కాదు గదా, వికారాబాద్ దాటి పోయాడో లేదో కూడా తెలియదు. ఎవరో తెచ్చిచ్చిన బిస్కెట్ డబ్బా మూతను ఎదురుగా పెట్టుకుని గీశాడు. నీలం నది, కొండ మీద కోట, ఒక తెల్ల పడవ, ముందు రెండు హంసలు. ఒక హంసకు మెడ మరీ పొడుగు. సంబంధాలకు ఫోటో పంపాల్సిన అమ్మాయిలు, కొత్త జంటలు, నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడటానికి ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు, అందరూ ఆ కోట ముందు నిలబడినవాళ్లే. నాంపల్లిలో మాకు తెలిసిన సగం ఇళ్లలో గోడ మీద ఆ కోట ఉండేది. నా సంబంధం కుదిరిందీ ఆ ఫోటోతోనే. పెళ్లయ్యాక చాలా ఏళ్ల వరకు మా ఆయన, పక్కనున్న హంసను చూసే నన్ను ఒప్పుకున్నానని ఏడిపించేవారు.

స్టూడియోలో ఫోటో తీసేది బావే అయినా, మనిషిని నిలబెట్టేది అక్క. కొంగు సర్దేది, చెదిరిన జుట్టు దువ్వేది, "గడ్డం జర కిందికి... కండ్లు మూయొద్దు... ఔ, గట్లనే," అనేది. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో టచింగ్ చేసి ఎంతమంది ముఖాల మీద మచ్చలు మాయం చేసిందో లెక్క లేదు. గిరాకి లేని మధ్యాహ్నాలు ఆ పరదా ముందు స్టూల్ వేసుకుని, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ, "గిసొంటి నది నిజంగ ఉంటదా?" అని అడిగేది. "ఎందుకుండదు? ఒక్క దినం నిన్ను గాడ నిలబెట్టి ఫోటో తీస్తా. గప్పుడే నా పని అయినట్టు," అనేవాడు బావ. మేం నవ్వుకునేవాళ్లం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక మెట్లెక్కే వాళ్లు తగ్గిపోయారు. స్టూడియో మూసేశారు. పరదాను బొంగుకు చుట్టి నాంపల్లి ఇంట్లో అటక మీద పెడితే, ఒక వానాకాలం కప్పు కారి, రంగు పొక్కులు లేచి, కోటా హంసలూ అన్నీ ఊడి వచ్చాయి. అదే రోజుల్లో అక్క మరిచిపోవడం మొదలుపెట్టింది. మొదట పొయ్యి మీద పాలు, తర్వాత మందులు, ఆ తర్వాత మనుషుల పేర్లు. దగ్గరి సంగతులు ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి అని దవాఖానలో డాక్టర్ చెప్పారు. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాడు బావ. నది మీద వారం రోజులు ఓడలో తిప్పే టూరొకటి పట్టాడు. అక్కకు తోడుగా, చీర కట్టడానికీ మందులు గుర్తుచేయడానికీ నేనూ వెళ్లాను.

ఓడలో అందరూ ఫోన్లెత్తి కొండల్ని, చర్చిల్ని తెగ తీస్తుంటే బావ అలాంటివి ఒక్కటీ తీయలేదు. "మనిషి లేని ఫోటో ఎందుకు? క్యాలెండర్ కొనుక్కుంటే సరిపాయె," అనేవాడు. అక్కేమో ఒక తెల్ల ముసలి దంపతుల్ని పట్టుకుని, ఆయన కాలర్ సర్ది, ఆమె గడ్డం వేలితో కిందికి దించి, "కండ్లు మూయొద్దు," అని తెలుగులోనే హెచ్చరించింది. వాళ్లు బుద్ధిగా నిలబడ్డారు. ఆ ఓడలో అంత చక్కగా ఫోటో దిగినవాళ్లు మరొకరు లేరు.

మూడో రోజు పొద్దున ఓడ ఒక మలుపు తిరిగింది. ఎదురుగా కొండ, కొండ మీద కోట. అచ్చం మన కోటే. బావ అక్కను రెయిలింగ్ పక్కన నిలబెట్టి, కొంగు తనే సర్దాడు. అక్క గడ్డం తనంతట తనే దించుకుంది, కళ్లు మూయలేదు. ఫోటో అయ్యాక వెనక్కి తిరిగి నదిని, కోటను పరీక్షగా చూసి, "ఏమయ్యా, గీ కొత్త పరదా ఎప్పుడు తెప్పిచ్చినవ్? మంచిగనే గీసిండు గని, హంసల్ని మరిచిండు," అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వానని బావ ముఖం చూశాక తెలిసింది. "పరదా కాదే. నది. మనం వచ్చినం," అన్నాడు. గిరాకి చేసే వేళాకోళానికి నవ్వినట్టు నవ్వి ఊరుకుంది అక్క.

ఆ సాయంత్రమే బావ ఆ ఫోటోను నది పేరు, కోట పేరు రాసి మా చుట్టాల గ్రూపులో పెట్టాడు. "మీ స్టూడియోల తీసినట్టే ఉంది మామా," అని మేనల్లుడొకడు సరదాకు రాస్తే, రుజువుగా ఓడ టికెట్టు, భోజనాల బల్ల, చివరికి ఓడ కెప్టెన్ ఫోటో కూడా పెట్టాడు. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చాక ఓడలో అక్కను తీసిన ఫోటోలన్నీ ప్రింటు వేయించి ఆల్బం చేసి అక్క చేతికిచ్చాడు. ఆమె వచ్చినవాళ్లకల్లా చూపించి, "మా స్టూడియోల తీసినయి," అనేది. బావ ప్రతిసారీ సరిదిద్దేవాడు. తప్పు జవాబు కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేయడం అలవాటైన టీచర్ని నేను, ఒక మధ్యాహ్నం ఊరుకోలేకపోయాను. "అక్కా, స్టూడియో మూసేసి ఏండ్లయింది. గిది నిజం నది. నేను గూడ వచ్చిన గద," అన్నాను. అక్క ముఖం పాలిపోయింది. "మూసిన్రా? ఎవరు మూసిన్రు? గిరాకి వచ్చి మెట్ల మీద నిలబడ్తది గదా!" అంటూ లేచి, ఏడుస్తూ చెప్పులు వెతుక్కోసాగింది. బావ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆల్బం తెరిచి ఒళ్లో పెట్టాడు. "ఎవ్వరు మూయలె. గిది మన పరదనే. కొత్తది. హంసల్ని గూడ గీపిస్తా తియ్," అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుని, "గీపియ్యి. పోయినసారి ఒకదానికి మెడ పొడుగు జేసిండు, జర చూస్కో," అంది.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ సాయంత్రం బావ గ్రూపులో రెండే ముక్కలు రాశాడు: "మీ అత్త అడిగితే మన పరదా అని చెప్పున్రి. నది మాట ఎత్తకున్రి." రుజువులకని పెట్టిన ఫోటోలన్నీ తీసేశాడు. జీవితమంతా ఎదురుచూసి చేసిన ప్రయాణాన్ని ఆమె కోసం అలా వదులుకున్నాడు. అక్క పోయేవరకు, పోయాక కూడా, ఆ నది పేరు ఆయన నోట నేను వినలేదు.

షాపాయన ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉన్న బావకు ఫోన్ చేసి, వెనకది తీసేయమంటారా అని అడిగాను. "ఉండనియ్యమ్మా. పరదా తీస్తే, తనేడున్నదో మీ అక్కకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"ఉంచండి. మా స్టూడియో పరదా అది," అన్నాను షాపాయనతో. ఆయన ఇంకోసారి తేరిపార చూసి, "పాత పనోళ్లమ్మా. గిట్ల గీసెటోళ్లు ఇప్పుడెవరున్నరు," అన్నాడు.

ఫోటోకు ఒక్క క్షణం కదలకుండా ఉంటే చాలని బావ గిరాకితో అనేవాడు. అక్కను ఆ నది ముందు నిలబెట్టడానికి మాత్రం ఆయనకు ఒక జీవితకాలం పట్టింది, అప్పటికి అక్క స్టూడియోకు తిరిగి వెళ్లిపోయింది.