మే నెల ఫొటో

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు రేవతి కంప్యూటర్ తెర మీద రఘువీర్ పొలం ఎర్రబడింది. ఎరుపంటే ఇళ్లు, ఫ్యాక్టరీలు. 2041 నాటికి ఫరీదాబాద్ చుట్టుపక్కల ఏ నేల ఏమవుతుందో పాత ఉపగ్రహ చిత్రాలను బట్టి లెక్కగట్టే ప్రోగ్రాం అది. ఎరుపు పడినచోటే రేపు ప్రభుత్వం భూసేకరణకు దిగుతుంది.

రఘువీర్ ఆమె వీధిలో పాలు పోసే రైతు. నిరుడు జనవరిలో అతను పిలిస్తే రేవతి కూతురిని తీసుకుని ఆ పొలానికి వెళ్లింది. మోకాలెత్తు గోధుమ పైరు. ప్రోగ్రాం మాత్రం అది బీడనీ, ముందు ఇళ్లు లేచేది అక్కడేననీ తేల్చింది.

తప్పెక్కడుందో ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది. ఢిల్లీ మీద చలికాలమంతా పొగ, వానాకాలమంతా మబ్బు. అందుకని ఆఫీసులో అందరూ మే నెల ఫొటోలే వాడతారు. ఏప్రిల్‌కే గోధుమ కోతలైపోతాయి. ప్రోగ్రాంకు నేర్పేటప్పుడు ఆ వట్టి నేలను బీడని గుర్తుపెట్టింది రేవతే, రెండేళ్ల కిందట.

పై అధికారి పృథ్వీరాజ్‌ది వరంగల్. అంతా విన్నాడు.

"యాక్యురసీ ఎనభై ఏడు వచ్చింది గద. ఎనభై అయిదు దాటితే చాలని సర్కారోళ్లే రాసిండ్రు."

"అక్కడ గోధుమ పండుద్దండీ. నేను నిలబడి చూశాను."

"నువ్వు నిలబడ్డది జనవరిల. జనవరి ఫొటోల పొగ దప్ప ఏం గనబడ్తది, చెప్పు."

మళ్లీ మొదట్నుంచి చేస్తే రెండు నెలలు పడుతుందనీ, ఆమె కాంట్రాక్టు వచ్చే నెలతో సరి అనీ నెమ్మదిగానే గుర్తుచేశాడు. ఆరు గంటలకు ఫైలు రేవతి పేరుతోనే వెళ్లిపోయింది.

మర్నాడు పాలు పోస్తూ రఘువీర్ అడిగాడు. పొలంలో కొత్త బోరు వేయించాలనుకుంటున్నాడట. మేడమ్‌జీది నక్షాల ఆఫీసు కదా, తమ వైపు సర్కారు చూపేమైనా పడిందా అని. పని సంగతులు బయట చెప్పనని రేవతి ఉద్యోగంలో చేరిననాడే సంతకం పెట్టింది.

"ఇంకా ఏమీ తేలలేదు భయ్యా," అంది హిందీలో.

"ఠీక్ హై," అన్నాడతను, తేలిగ్గా. బోరు పూజకు కూతురిని కూడా తీసుకురమ్మన్నాడు.

పటం జనం ముందుకు రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. బోరు ఆ ఆదివారమే వేశారు. నూట ఎనభై అడుగుల్లో నీళ్లు పడ్డాయి.