కాదుగారు సరే అన్న రోజు

ఆ వడ్రంగి మేస్త్రీని వీధిలో అందరూ కాదుగారు అనే పిలుస్తారు. ఏ మాటైనా ఆయన నోట్లోంచి ‘కాదు’తోనే బయలుదేరుతుంది. ఎండ మండిపోతోందంటే కాదు, ఉక్క అంటాడు. ఉక్కగా ఉందంటే కాదు, మబ్బు పట్టిందంటాడు. డెబ్బై దాటాక చేతిలో ఉలి వణికిందేమో గానీ ఈ అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

అలాంటి మనిషి, కొన్నాళ్ళు దగ్గి దగ్గి, ఓ పొద్దున ‘సరే’ అన్నాడు. భార్య తన చెవులను తనే నమ్మలేకపోయింది. ఒళ్ళు కాలడం లేదు, కాబట్టి జబ్బు కాదు, బుద్ధొచ్చిందనుకుంది. ఆలస్యం చేస్తే మళ్ళీ మనసు మార్చుకుంటాడని బీరువా జరిపించింది, గోడలకు తనకిష్టమైన పసుపు రంగు ఖాయం చేసింది, కుంటి కుర్చీని బయట పారేయించింది. అన్నింటికీ సరే. పెళ్ళయ్యాక ఇంత సుఖం ఎరగదు మహాతల్లి.

“దగ్గు మందు తెచ్చుకుందాం, రండి” అంటే దానికీ సరే. వీధి చివరి చిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూస్తున్నట్టు ఆయన చెయ్యి పట్టుకుని, ఎగసిపడే ఛాతీనే గమనించింది. ఊపిరి లెక్కపెడుతున్నానని చెబితే మనుషులు ఊపిరి తీరే మార్చేస్తారు, అందుకని ఆవిడ ఎత్తు అది. రక్తపోటు చూసింది, వేలికి ఆక్సిజన్ క్లిప్పు తగిలించింది, వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నది.

“ఇవాళ ఏం వారం బాబాయ్?”

“మీరేదంటే అదే.”

“చూశారా, ఎంత నెమ్మదస్తులయ్యారో. పొద్దుట్నుంచీ ఇంతే,” అంది భార్య గర్వంగా.

డాక్టరమ్మ నవ్వలేదు. “నెమ్మది కాదు పిన్నీ, న్యుమోనియా. పెద్ద వయసులో ఒక్కోసారి జ్వరం లేకుండానే ముదురుతుంది. ఊపిరి వేగంగా ఉంది, ఆక్సిజన్ తగ్గింది, మనిషి అయోమయంలో పడ్డాడు. ఇంట్లో మాత్రలతో అయ్యే పని కాదు. పెద్దాసుపత్రికి పంపిస్తున్నా.”

ఆక్సిజన్ పెట్టించి అంబులెన్సు పిలిచింది. భార్య కూడా ఎక్కింది. మనిషి చేజారిపోతుంటే తను గోడలకు రంగులు ఎంచుకుంటూ కూర్చుంది. దారి పొడవునా ఆయన చెయ్యి వదల్లేదు.

సూదిమందులు పనిచేసి ఊపిరి నిదానించాక, ఓ ఉదయం ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

“ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలట,” అంది ఆవిడ భయం భయంగా.

“సరే.”

అయితే అయోమయం ఇంకా పోలేదనుకుంది ఆవిడ. నర్సును కేకేయబోయి, ఆగి, ఆయన మీదికి వంగింది. “ఏవండీ, మీకు దణ్ణం పెడతా. ఒక్కసారి కాదనండి.”

ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు. “ఎందుకనాలి?”

హమ్మయ్య, దక్కాడు అనుకుని, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా లెక్కచేయక ఆవిడ భోరున ఏడ్చేసింది.