దయామణి గుడాల బండి

మొన్న పటాన్‌చెరు బస్టాండు దగ్గర కారు దిగానో లేదో, ఒక వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడాక, ఉల్లిపాయలు ఎర్రబడ్డాక, ఉడికిన శనగలు పోసి తిప్పుతుంటే లేచే వాసన అది. ఎవరో తోపుడు బండి మీద గుడాలు వేయిస్తున్నారు. "ఎండలో నిలబడ్డావేంటమ్మా, నీడలోకి రా" అని మా అబ్బాయి పిలుస్తున్నా నాకు కదలబుద్ధి కాలేదు. దయామణి కళ్ల ముందు మెదిలింది. ఆమె ఫొటో కూడా నా దగ్గర లేదు. అందుకే, ఆమెను ఎన్నడూ చూడని మీకోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో పెళ్లయి, తెనాలి దగ్గరి పల్లె నుంచి నేనిక్కడికి వచ్చాను. మా ఆయనకు పెద్ద కర్మాగారంలో ఫిట్టరు ఉద్యోగం. ఇంకా క్వార్టరు రాలేదు కాబట్టి పటాన్‌చెరులో సుందరమ్మగారింట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాం. నాకు ప్రతిదానికీ భయమే. ఇక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు, నా మాటకు జనం నవ్వుతారేమోనని నోరు తెరిచేదాన్ని కాదు. మొదటి రోజు సాయంత్రం సుందరమ్మగారు "గుడాలు తింటవా బిడ్డా?" అని అడిగారు. అవేమిటో తెలియక, వద్దనడం చేతకాక తలూపాను. పొట్టిగా, బొద్దుగా ఉన్న ఒక అమ్మాయి ఇత్తడి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. తీరా చూస్తే మా ఊళ్లో మేము తినే గుగ్గిళ్లే! నేను తినేదాకా ఆమె కదల్లేదు.

"మంచిగున్నయా?" అంది.

"బాగున్నాయండీ."

"మరి నవ్వవేంది?"

నిజంగానే నవ్వొచ్చింది. ఆ ఊళ్లో నేను నవ్విన మొదటి నవ్వు అదే.

ఆమే దయామణి, సుందరమ్మగారి పెద్ద కూతురు. నాకంటే కొంచెం పెద్దది. కళ్లు కొద్దిగా పైకి ఏటవాలుగా, చెవులు చిన్నగా, వేళ్లు పొట్టిగా ఉండేవి. మాట కాస్త ముద్దగా వచ్చేది. ఇప్పుడైతే దాన్ని డౌన్ సిండ్రోమ్ అంటున్నారు. అప్పట్లో ఆ పేరు మాకెవరికీ తెలియదు. తెలిసిన పేర్లన్నీ నొప్పించేవే కాబట్టి వాటిని ఇక్కడ రాయను.

సుందరమ్మగారు భర్త పోయాక బొంబాయి రోడ్డు మీద, ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా గుడాల బండి పెట్టారు. కూతుర్ని పక్కన పెట్టుకుని పని నేర్పారు. "పొయ్యి అంటిచ్చుడు నేర్పనీకే ఏడాది పట్టింది. పట్టనీ. నేను పోయినంక అది ఒకరి చేతి దిక్కు సూడొద్దు" అనేవారు. ఆవిడకు మోకాళ్లు పట్టేశాక బండి పూర్తిగా దయామణి చేతికి వచ్చింది. రాత్రి శనగలు నానబెట్టడం దగ్గర్నుంచి సాయంత్రం బండి కడగడం దాకా అన్నీ ఆమే. ఏ పొట్లమైనా ఒకటే ధర. రుద్రారం నుంచి, భానూర్ నుంచి సైకిళ్ల మీద వచ్చే కార్మికులంతా ఆమెకు తెలుసు. వాళ్లు ఆమెను దయక్క అనేవారు.

పగలు తోచక నేను కూడా వెళ్లి ఉల్లిపాయలు తరిగి ఇచ్చేదాన్ని. ఒకసారి ఎవరో ఆఫీసరు జీపు ఆపి, దిగకుండానే హారన్ కొట్టాడు. పొట్లం అక్కడికే తెచ్చిస్తారని ఆయన ధీమా. నేను పరుగున పట్టుకెళ్లబోతే దయామణి నా చెయ్యి పట్టుకుంది.

"దిగుమను. అందరు దిగిన్రు" అంది, ఆయనకు వినపడేలాగే.

వరుసలో ఉన్నవాళ్లంతా జీపు వైపు తిరిగారు. ఆఫీసరు కాసేపు బిగుసుకుని కూర్చుని, చివరికి దిగి వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చినప్పుడు అందరికీ వేసినట్టే నిమ్మకాయ పిండి, అందరినీ అడిగినట్టే "మంచిగున్నయా?" అని అడిగింది. తర్వాత ఆయన చాలాసార్లు వచ్చాడు. ఎప్పుడూ నడిచే వచ్చాడు.

అలాగని ఆమెను దేవతను చేయలేను. అలిగిందంటే పూటంతా మాట్లాడేది కాదు. శనగలు మెత్తగా ఉడకకపోతే "ఉడకలె, పోండ్రి" అని అందరినీ వెనక్కి పంపేసేది. తన ముద్దమాటను వెక్కిరించినవాడికి ఆ పూట ఎంత బతిమాలినా పొట్లం దొరికేది కాదు. గాజులంటే పిచ్చి. ఆదివారం చర్చిలో ఆమె పాట రాగంలో లేకపోయినా అందరికంటే పైకి వినపడేది.

కొన్నాళ్లకు సుందరమ్మగారు మంచం పట్టారు. సదాశివపేట వైపు ఏదో పనిలో ఉన్న దయామణి తమ్ముడు ఇమ్మానుయేలు తిరిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఆ రోడ్డు మీద ఎన్ని లారీలు! వేడి నూనెతోని పని. అక్కకు ఏమన్నయితే ఊరంత నన్నే అంటది. పట్నంల ఇట్లాంటోళ్ల హోముల ఉంచితే మంచిగ సూసుకుంటరు. బండి నేను నడుపుకుంట" అని తల్లితో అంటుంటే దయామణి గడపలో నిలబడి వింది. గిన్నె తీసుకుని శనగలు నానబెట్టడానికి వెళ్లిపోయింది.

తర్వాత కొద్ది రోజులకు ఒక పొద్దున్న ఇమ్మానుయేలు పరుగెత్తుకుంటూ మా గదికి వచ్చాడు. "అక్కా, జెర మీరన్న వచ్చి చెప్పుండ్రి. మా అక్క పరేషాన్ చేస్తున్నది." మంచంలోంచి సుందరమ్మగారు "నువ్వు పో బిడ్డా" అన్నారు. వెళ్లాను.

బండికి కొత్త బోర్డు కట్టి ఉంది. 'ఇమ్మానుయేలు టిఫిన్ సెంటర్' అని ఎర్ర రంగుతో రాయించాడు. దయామణికి చదువు రాదు. తల్లి నేల మీద బొగ్గుతో రాసి నేర్పిన 'ద' ఒక్కటే తెలుసు. బోర్డంతా వెతికినా ఆ 'ద' కనపడలేదు. అంతే, స్టవ్వు పిన్ను పిడికిట్లో బిగించుకుని బండి ముందు బైఠాయించింది. ఆ పిన్నుతో పొడిస్తేగాని ఆ పంపు స్టవ్వు అంటుకోదు. షిఫ్టుకు వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు.

"అరే, దయక్క సమ్మె చేస్తున్నది రా!" అని ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు. యూనియన్‌లో తిరిగే పెద్దాయన ఒకాయన మాత్రం నవ్వలేదు. ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, మేనేజరుతో మాట్లాడేటంత మర్యాదగా అడిగాడు.

"డిమాండ్ ఏంది అక్కా?"

"పేరు. నా పేరు."

"ఇంకేమన్న?"

"నేను ఏడికి పోను. బండి నాది."

ఇమ్మానుయేలు నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. అంతమంది మగవాళ్ల మధ్య నేనెప్పుడూ నోరు విప్పలేదు. "ఆవిడ అడిగింది న్యాయమేనండీ" అన్నాను. నా యాసకు ఎవరూ నవ్వలేదు. దాంతో ఇంకాస్త ధైర్యం వచ్చింది. "తమ్ముడూ, ఇన్నేళ్లూ నడిపింది ఆవిడే కదా. భయమైతే నువ్వు పక్కన ఉండు. ఆవిణ్ణి ఎక్కడికీ పంపొద్దు" అన్నాను.

చివరికి ఇమ్మానుయేలే వెళ్లి బోర్డులు రాసే ఆయన్ని పిలుచుకొచ్చాడు. కిరోసిన్ గుడ్డతో ఇంకా ఆరని అక్షరాలు తుడిచి, 'దయామణి గుడాల బండి' అని రాస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూసింది. రాయడం అవగానే 'ద' మీద వేలు పెట్టింది. తడి రంగు వేలికి అంటుకుంది. ఆ రంగు తీసుకెళ్లి తమ్ముడి ముక్కుకు పూసి పకపకా నవ్వింది. ముందు బిత్తరపోయినా అతనూ నవ్వేశాడు. అప్పుడు పిడికిలి విప్పి పిన్ను అతని చేతిలో పెట్టి, "ఇగ అంటియ్యి. జల్దీ. ఆకలిగున్నరు అందరు" అంది. ఆ రోజు నుంచి నీళ్లు మోసేది, లారీలొస్తే బండిని వెనక్కి లాగేది ఇమ్మానుయేలు. అక్క కింద పని చేస్తున్నానని చెప్పుకోవడానికి అతనెప్పుడూ సిగ్గుపడలేదు. హోము మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

అప్పటికే నేను ఇరుగుపొరుగుకు జాకెట్లు కుట్టి పెడుతుండేదాన్ని. కూలి అడగాలంటే మొహమాటం. దయామణి ఒకరోజు మిషను పక్కన కూర్చుని "నీ బోర్డు ఏది?" అంది. నాకెందుకు బోర్డన్నాను. "పని చేస్తున్నవ్ గద" అంది. అంతకంటే వివరించలేదు. నెల తిరక్కుండా మా గది గుమ్మానికి రేకు బోర్డు కట్టించాను. మొదటి బేరం ఆమెదే. చేతులు బిగుతుగా ఉన్నాయని మొహమాటం లేకుండా జాకెట్టు తిరిగి పడేసి, "మంచిగ లేదు. మళ్ల కుట్టు" అంది. మళ్లీ కుట్టాను. అది తొడుక్కుని గేటు ముందు అందరికీ చూపించింది.

తర్వాత మేం సంగారెడ్డి వెళ్లిపోయాం. అక్కడ బజారులో కొట్టు పెట్టాను. చాలా ఏళ్లకు ఒక మధ్యాహ్నం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆమె బస్సు దిగి వచ్చింది. జుట్టు తెల్లబడింది, ఆయాసం వస్తోంది, చేతినిండా గాజులున్నాయి. లోపల కుడుతున్న ఆడపిల్లల్ని, గుడ్డల బీరువాను, నన్ను తీరిగ్గా చూసింది.

"అలిసిపోతున్నవా?" అంది.

"చాలా అలిసిపోతున్నాను దయక్కా."

"గట్లనే ఉంటది" అంది, ఒక వ్యాపారస్తురాలు ఇంకొకరితో అన్నట్టుగా. ఆ మాటకు ఇద్దరం ఎంతసేపు నవ్వుకున్నామో!

ఆ తర్వాత ఒక చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. ఆమె సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు ఏడుద్దామనుకున్నాను గానీ ఇమ్మానుయేలు జీపు ఆఫీసరు కథ ఎత్తేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఇప్పటికీ పొద్దున్నే కొట్టు తెరవడానికి నేనే వెళతాను. ఒళ్లు సహకరించని రోజున షట్టరు ముందు నిలబడి "గట్లనే ఉంటది" అని పైకే అనుకుంటాను. నా కోస్తా నోట ఆ మాట ఈనాటికీ సరిగ్గా పలకదు. అయినా వంగి షట్టరు ఎత్తుతాను.