కారులో విన్న మాట

నా చిన్నప్పుడు మేముండే సీతారాండేరా పేట మొత్తం మీద మా తాతయ్యంత విసిగించే మనిషి ఇంకొకరు లేరు. పోయినవాళ్ళని అలా అనకూడదంటారు. విసుగు పోకపోతే నేనేం చెయ్యను? ఆయన కార్ఖానా గెస్ట్ హౌసులో డ్రైవరు. ఢిల్లీ నుంచీ పట్నా నుంచీ వచ్చే పెద్ద అధికారులనీ, ఎప్పుడైనా వచ్చే విదేశీ రాయబారులనీ సోనారిలో విమానం దిగగానే ఎక్కించుకుని, ఊరంతా తిప్పి, మళ్ళీ అక్కడే దింపడం ఆయన పని. అతిథి వెనక సీట్లో ఎడమవైపే కూర్చోవాలి. బండి పూర్తిగా ఆగాక తాను దిగి వచ్చి తలుపు తియ్యాలి. లోపల ఎవరేం మాట్లాడుకున్నా తన చెవిన పడనట్టే ఉండాలి. ఈ మర్యాదలన్నీ యూనిఫారంతో పాటు విప్పేస్తే మాకు ఏ గొడవా ఉండేది కాదు. సాక్చి బజారుకి రిక్షాలో వెళ్ళినా మా నాయనమ్మ ఎడమవైపే కూర్చోవాలి, ఆయన అటు తిరిగొచ్చి చెయ్యి అందించేదాకా దిగకూడదు. వెనక రిక్షాలవాళ్ళు బెల్లులు కొడుతూ తిట్టిపోస్తుంటే ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది.

ఇప్పుడు మా మనవడు కూడా అదే పనిలో ఉన్నాడు, ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర. మొన్న ఎవరో అధికారి వెనక సీట్లో కూర్చుని ఫోనులో ఎవరిని ఎలా తిట్టాడో, అన్నం తింటూ మాకు గొంతు మార్చి మరీ వినిపించాడు. తప్పురా అన్నాను. "ఉస్‌మే క్యా హై, నానమ్మా?" అన్నాడు. అందులో ఏముందో వాడికి చెప్పాలంటే నా చిన్నప్పటి ఒక వానాకాలం ముందు సంగతి చెప్పాలి.

అప్పట్లో రోడ్డు వెడల్పు చేస్తారనీ, మా వీధి మొత్తం లేచిపోతుందనీ పుకారు పుట్టింది. పట్నా నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చి చూసి తేలుస్తాడన్నారు. అందరికంటే ఎక్కువ బెంగ మా పక్కింటి అత్తది. వాళ్ళింటి పెంకులు పగిలిపోయి ఆకాశం కనబడుతోంది. కొత్త రేకులు కొని గోడకి చేరేసి పెట్టుకుంది. కోసి మేకులు కొట్టేశాక వీధి పోతే ఆ రేకులు ఇంకెక్కడా పనికిరావు. కొట్టకపోతే వాన నెత్తి మీదకి వస్తోంది, ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలు.

ఆఫీసరు వచ్చాడు. బండి తోలింది మా తాతయ్యే. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. అత్త ఎదురెళ్ళి అడిగింది.

"సిన్నాన్నా, మన ఈది ఉంటాదా, పోతాదా? ఒక్క ముక్క సెప్పు, రేకులు ఏసుకోవాల."

ఆయన టోపీ తీసి మేకుకి తగిలించాడు. "కారులో మాట కారులోనే ఉంటాదమ్మా" అని కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు. అంతే. బతిమాలినా, దెప్పినా, మా నాయనమ్మ కంచం విసురుగా పెట్టినా ఇంకో మాట లేదు.

ఆయన చెప్పకపోతే జనం ఊరుకుంటారా? మర్నాడు తాతయ్య మా ముందు గోడకి సున్నం వేస్తుంటే, ఇల్లు పోయేదైతే సున్నమెందుకు వేస్తాడు, వీధి ఉంటుందన్నమాట అని గుసగుసలు మొదలయ్యాయి. అది ఆయన చెవిన పడింది. సగం గోడ దగ్గర కుంచె కింద పెట్టేశాడు. దాంతో, వీధి పోతుంది కాబట్టే మానేశాడన్నారు. మిగతా సగం వెయ్యమని నాయనమ్మ మొత్తుకుంది. వేస్తే ఒక అర్థం, మానితే ఒక అర్థం తీస్తున్నారు, నేనేం చెయ్యనన్నట్టు చూశాడు తప్ప కుంచె ముట్టుకోలేదు. కొళాయి దగ్గర మా బిందె వెనక్కి నెట్టేసేవారు. నాతో గచ్చకాయలాడే పిల్లలు కూడా మొహం తిప్పుకున్నారు. మీ తాత ముఖం జన్మలో చూడనని అత్త నాతోనే అంది.

మొదటి వానకే వాళ్ళ బియ్యం బస్తా తడిసిపోయింది. తాతయ్య ఎవరూ పిలవకుండానే వెళ్ళి, వాళ్ళ ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని తెచ్చి, మా ముందు గదిలో పిల్లలకి పక్కలు వేశాడు. అత్త వచ్చింది గానీ ఆయనతో పలకలేదు. వాళ్ళని తెచ్చి పెట్టుకున్నాడంటే వీధి పోవడం ఖాయమని తేల్చేసి, రెండిళ్ళవాళ్ళు సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పది రోజులకి గెస్ట్ హౌసులో వంట చేసే ఆయన పరుగున వచ్చి ఆర్డరు కాగితం వచ్చేసిందని చెప్పాడు. రోడ్డు అవతలి పక్క నుంచి పోతుందట, మా వీధికి ఏమీ కాదట. ఇంకో సంగతి కూడా చెప్పి పడీ పడీ నవ్వాడు. ఇదంతా పట్నాలోనే ఎప్పుడో తేల్చేశారట. ఆఫీసరు ఆ రోజు కారెక్కింది మొదలు దిగేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయాడని, ఆయన పక్కనే కూర్చున్న గుమాస్తా వంటింట్లో చెప్పాడట.

అంటే మా తాతయ్య విన్నది ఒట్టి గురక!

నాయనమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. "ఏటీ ఇన్లేదని ఆ రోజే అనేత్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయేటి?"

"ఇయ్యాల ఏటీ ఇన్లేదని సెప్తాను. రేపు నిజంగానే ఏదో ఇంటాను. అప్పుడు నోరు మూసుకుంటే, ఈడు ఏదో ఇన్నాడని తెలిసిపోదా?" అన్నాడాయన.

నాయనమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. మాట నాకు అర్థమైంది గానీ కోపం తగ్గలేదు. తడిసిన బియ్యం ఎండలో ఆరబోసి ఏరింది అత్తా నేనూ కదా.

అత్త వాళ్ళు రేకులు వేసుకుని వెళ్ళిపోయారు. వారం తర్వాత ఒక మధ్యాహ్నం, జన్మలో ముఖం చూడనన్న మనిషి మా ఇంటికి వచ్చింది. నన్నూ నాయనమ్మనీ లోపలికి పొమ్మని, తాతయ్య ఎదుట పీట వేసుకుని కూర్చుని, చాలాసేపు ఏదో చెప్పుకుంది. తలుపు సందులోంచి చూశాను. ఏడుస్తోంది. ఆయన తలొంచుకుని వింటున్నాడు. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుంది గానీ, ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. ఏమందని నాయనమ్మ అడిగింది. ఆయన లేచి బూట్లకి పాలిష్ పెట్టుకోడానికి కూర్చున్నాడు.

ఇప్పుడు వీధిలో ఎవరైనా వచ్చి నాతో మాట్లాడి వెళ్తే, ఏమన్నారని నా కోడలు అడుగుతుంది. వంకాయల ధర గురించి మాట్లాడుకున్నా నేను చెప్పను. ఆమె నన్ను చూసి తల పట్టుకుంటుంది, పట్టుకోనీ. అత్తా పోయింది, తాతయ్యా పోయాడు, ఆ మధ్యాహ్నం సంగతి ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మీద ఆ ఉక్రోషం ఉండనే ఉంది. కాని నాకూ కొన్ని దిగమింగుకున్న మాటలున్నాయి. అవి చెప్పుకోడానికి అలాంటి విసిగించే మనిషి కోసమే ఇన్నేళ్ళూ చూశాను, దొరకలేదు.