మే నెలలో చలి నాకొక్కడికే

మే నెల మధ్యాహ్నం నాకు చలేసింది. నవ్వకండి, నవ్వాల్సిన వాళ్లంతా అప్పుడే నవ్వేశారు.

హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. అందులో ఒకదానిలో నేను ఏసీ హెల్పర్‌ని. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసింది. నేనే వదిలేశానని ఇంట్లో చెప్పుకున్నాను. ఆ రోజు మూడో అంతస్తులోకి వెళ్లగానే వేళ్లు కొయ్యబారాయి. చల్లదనం ఎక్కువైందనుకుని, గదిలో వేడి ఎంతుండాలో చూసే థర్మోస్టాట్‌ని పైకి తిప్పాను. కాసేపటికే కంప్యూటర్ల వాళ్లు కాగితాలతో విసురుకుంటూ ఫోన్ చేశారు. మా సూపర్‌వైజర్ ప్రసాద్ గారు, భీమవరం మనిషి, థర్మామీటరుతో వచ్చారు.

"ఏమయ్యా నర్సింలూ, జనాన్ని ఉడకబెడదామనుకున్నావా?"

"థర్మోస్టాట్ ఖరాబైంది సార్. ఈడ మంచు పడుతుంది."

ఆయన థర్మామీటరు నా ముక్కు దగ్గర పెట్టారు. ఇరవై తొమ్మిది. "ఇది బాగానే ఉందయ్యా. పాడైంది నువ్వేమో చూసుకో."

అందరికంటే ముందు నేనే నవ్వాను.

ఖాజాగూడలో నాదీ, టైల్స్ పనిచేసే యాదగిరిదీ ఒకే రేకుల గది. ఒకటే ఫ్యాన్. నేను దాన్ని ఆపేవాణ్ని, వాడు వేసేవాడు.

"రేకులు కాలుతున్నయ్‌రా! ఇగ నీ కామెడీ బంద్ చెయ్."

"కామెడీ కాదురా, నిజంగనే చలి."

"నిన్న గిట్లనే నిజంగనే తేలు అన్నవ్. దునికి గోడకు గుద్దుకున్న."

తేలు సంగతి నిజమే, అది లేదు. చలి మాత్రం ఉంది. కొన్నాళ్లు తిట్టుకున్నాక వాడు చాప చుట్టుకుని గచ్చిబౌలిలో వేరే గదికి పోయాడు. గుమ్మంలో నిలబడి, "నువ్వు నీ దుప్పటితోని సంసారం చేస్కో," అన్నాడు. నేను గట్టి జవాబు ఇవ్వాలి. అది తట్టేసరికి వాడు సందు మలుపు తిరిగిపోయాడు.

అక్కడినుంచి నాకు అన్నీ ఆలస్యమే. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, కూర్చున్నచోటే నిద్ర. హోటల్ దగ్గర ఎవరైనా ఆటపట్టిస్తే నా జవాబు నోటిదాకా వచ్చేసరికి చాయ్ గ్లాసులు కడిగేస్తుండేవారు. నలుగురిలో నాకున్నది ఆ నోరొక్కటే. అదీ పోయాక నా పక్కన కూర్చునే పని ఎవరికీ లేకపోయింది.

ముందు చూపించుకున్న డాక్టరు చలి అనగానే మలేరియా టెస్టు రాశాడు. ఏమీ లేదు. "జ్వరం కూడా లేదు, పో," అన్నాడు. జ్వరం సంగతి అటుంచి, పాదరసం నార్మల్ గీత దాకా కూడా ఎక్కలేదు. అది ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

తర్వాత పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ నా మడమ వెనుక చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలి, తీరిగ్గా వెనక్కి వచ్చింది.

"నీ కాలు కూడా ఆలోచించుకుని కదులుతోంది," అని థైరాయిడ్ సంగతి తేల్చే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాసింది. రిపోర్టు చూసి, "హైపోథైరాయిడ్. మెదడులో హైపోథాలమస్ అని ఉంటుంది. ఒంట్లో వేడి ఎంతుండాలో చూసేది అదే. ఎక్కువైతే చెమట పట్టిస్తుంది, తక్కువైతే చర్మంలో రక్తనాళాల్ని ముడుస్తుంది, వణికిస్తుంది. నీకు అది బాగానే ఉంది. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి నుంచి హార్మోన్ తగ్గి, లోపల వేడి పుట్టడం తగ్గింది," అంది.

"అంటే థర్మోస్టాట్ మంచిగనే ఉంది, పొయ్యి సల్లారింది. గంతేనా మేడం?"

"అంతే. రోజూ పరగడుపున టాబ్లెట్ వేసుకో."

"ఎన్నాళ్లు?"

"జీవితాంతం."

"పెండ్లి లెక్కనా?"

"ఇందులో అలగడానికి కూడా లేదు."

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే నుదుటి మీద తడి తగిలింది. చెమట! చొక్కాతో తుడవకుండా అలాగే నిలబడ్డాను. ఎవరికైనా చూపించాలనిపించింది. మెట్ల మీద ఎవరూ లేరు.

బాగైపోయాననుకుని టాబ్లెట్ మానేశాను. ఈ జబ్బు పిల్లిలా మళ్లీ వచ్చి పక్కన పడుకుంది. గదిలో ఒక్కణ్నే. నా మాట సాగదీసినట్టు వస్తోందని నాకెవరు చెబుతారు?

మర్చిపోయిన బకెట్ కోసం యాదగిరి వచ్చాడు. నా జబ్బు, టాబ్లెట్ల సంగతి హోటల్ దగ్గర అప్పటికే వాడి చెవిన పడింది. నేను రెండు మాటలు మాట్లాడానో లేదో, బకెట్ కింద పెట్టాడు.

"ఏందిరా, బ్యాటరీ అయిపోయిన టేప్‌రికార్డర్ లెక్క మాట్లాడుతున్నవ్? గోలీలు బంద్ చేసినవా?"

"బాగైంది కదా అని..."

"నీకు అక్కల్ లేదు, బుద్ధి లేదు. నడువ్ దవాఖానకు."

ఓపీ లైన్లో పొద్దంతా నా పక్కనే కూర్చున్నాడు. గదికి మాత్రం తిరిగి రాలేదు. గచ్చిబౌలిలో వేరేవాళ్లతో కుదురుకున్నాడు. వాణ్ని తప్పుపట్టను.

ఇప్పుడు పొద్దున్నే మంచినీళ్లతో టాబ్లెట్, చాయ్ ఆ తర్వాతే. డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా రక్తం ఇచ్చి వస్తాను. ఇంకా ఒక్కణ్నే ఉంటున్నాను. ఆదివారం కాయిన్ ఫోన్ నుంచి యాదగిరికి ఫోన్ చేసి, కాసేపు వాడితో తిట్లు తిని, తిట్టి, నడుచుకుంటూ వస్తాను.

నాలా ఒంటరిగా ఉండేవాళ్లకు ఒక్క మాట. మిమ్మల్ని మునుపటినుంచి ఎరిగిన మనిషికి వారానికోసారైనా మీ గొంతు వినిపించండి. మీరు నెమ్మదించిన సంగతి మీకు తెలియదు, వాళ్లకు తెలుస్తుంది.