బూజు సీసాలో తులసాకు

నా చదువైన కొత్తలో రాయచూరు వాళ్లకు గొప్పగా చెప్పుకోవడానికి ఎండా, కరెంటూ ఉండేవి. ఎండ నిజమే. కరెంటు మాత్రం ఊరి పక్కన థర్మల్ స్టేషన్‌లో పుట్టి, మా ఇంటి వైపు చూడకుండా ఎక్కడికో వెళ్లిపోయేది (దీపం కింద చీకటని ఊరికే అన్నారా!). ఆ రోజుల్లోనే నాకు పశువైద్య కాలేజీలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆవు కడుపులో గడ్డిని అరగదీసే బూజులు ఏ జాతివో తేల్చాలి. వాటి పిల్లలేమో తోక ఊపుకుంటూ ఈదుతాయి, అందుకే చాలాకాలం మహామహులే జంతువులనుకున్నారట. ఎదిగాక మొక్కల్లాగా గడ్డిపోచలోకి వేళ్లు దించుతాయి. వాటి ఒంటి చుట్టూ ఉండే గోడ చూస్తే పురుగుల పెంకులో ఉండే పదార్థం! అది బూజుల్లోనూ ఉంటుంది కనుక చివరికి బూజులన్నారు. ఒకే తోక ఉన్నదొక జాతి, తోకల కుచ్చు ఉన్నదింకొకటి. నేను తోకలు చూసేలోపే అవి ఈదుకుంటూ పోయేవి. నా బుర్ర తిరిగిపోయేది.

చలికాలం. మా పని తనిఖీ చేయడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. మా సారు (సిరవార వైపు వలస వచ్చి కాలువ కింద వరి పండించే కోస్తావాళ్ల అబ్బాయి) ముందే చెప్పారు: "రేపు ఆయన చూసేటప్పటికి అవి ఈదుతుండాలమ్మా. లేదంటే నీ పోస్టు పొడిగించమని అడగడానికి నాకు మొహం ఉండదు." ఉద్యోగం పోతే సంబంధాలు చూస్తానని నాన్న అప్పటికే కాచుకుని ఉన్నాడు. సరిగ్గా ఆ సాయంత్రమే కరెంటు పోయింది, సీసాలు వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడింది. వాటికేమో ఆవు కడుపంత వేడి కావాలి, గాలి సోకితే చస్తాయి. గత్యంతరం లేక సీసాను ఇంటికి తెచ్చి, పొయ్యి దగ్గరుండే మా నాయనమ్మ చేతికిచ్చాను. ఆమెను అవ్వ అనేవాళ్లం.

"గోరువెచ్చటి నీళ్లల్ల పెట్టవ్వా. మూత మాత్రం తియ్యకు."

"ఏందే ఇది?"

"ఆవు కడుపుల బూజు."

"బూజును ఇంట్లకు తెస్తవా!"

"బూజే గానీ... ఈదుతది."

"ఈదితే జీవమే గద?"

"జీవం గాదవ్వా. ఏర్లు గూడ ఉంటయి."

"అయితే చెట్టు."

"చెట్టు గూడ గాదు."

"నీకే తెల్వదు, నాకేం జెప్తవు! ఆవుదా, బర్రెదా? ముందు అది జెప్పు."

"ఆవుదే. మట్మారి ఊర్నుంచి కాలేజికి తెచ్చిన ఆవు."

అవ్వ ముఖం విచ్చుకుంది. వర్గీకరణ పూర్తయింది.

తెల్లారి చూస్తే సీసా చక్కగా వెచ్చగా ఉంది. దానికి కుంకుమబొట్టు. మూత పక్కన. లోపల తులసాకు తేలుతోంది.

"గోమాత కడుపుల నీళ్లాయె, ఉత్తగ ఎట్ల పెడ్తనే?" అంది అవ్వ.

"గాలి తాకితే సస్తయవ్వా!"

"సస్తయా? జీవం గాదంటివి గదనే!"

సీసాకు మూత బిగించి కాలేజీకి పరుగెత్తాను.

కాలేజీలో పెద్దాయన మైక్రోస్కోపులో ఎంతసేపు చూసినా గడ్డిముక్కలు తప్ప ఏమీ కదల్లేదు. సారు ముఖం మాడిపోయింది. అంతలో తలుపు దగ్గర అవ్వ! చచ్చిన జీవాల మైల పోవాలని తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఆటో ఎక్కి వచ్చేసింది.

"తప్పు నాది సారూ. అన్ని జీవాలను సంపిన పాపం గూడ నాదే. పిల్ల నౌకరీ తియ్యకుండ్రి."

సారు కంగారుపడ్డారు. "అయ్యయ్యో, పాపమేంటండీ మామ్మగారూ! అవి జీవాలు కాదండీ, ఒట్టి బూజండీ!"

అవ్వ కళ్లు తుడుచుకోవడం ఆపేసింది. "బూజా? బూజు పోయిందని ఎవరన్న నౌకరీ తీస్తరా సారూ?"

ముందు పెద్దాయన నవ్వాడు. సారు కుంకుమబొట్టు సీసాను పక్కకు జరిపి, "సర్లే, ఇంకో సీసా నింపుకురా అమ్మా. ఆవు మన కొట్టంలోనే ఉందిగా" అన్నారు.

ఉద్యోగం నిలిచింది. తర్వాత ఆ బూజులను పాత వర్గాల్లో ఎందులోనూ ఇమడ్చలేక శాస్త్రవేత్తలు వేరే వర్గమే పెట్టారు. నేను వాటితోనే తల నెరిపించుకున్నాను. ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ ఆటోలో అవ్వ దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. అంతమందిలో నన్ను నవ్వులపాలు చేసిందని నేను ముఖం తిప్పుకుని, రోడ్డు మీది ఎడ్లబండ్లకేసి చూస్తూ వచ్చాను. నా అంత చదువుకున్నది ఊళ్లో లేదనుకున్నాను కాబోలు, పిచ్చిపిల్లను.