కాలేయం మీద నల్లమచ్చ

ఆ దర్జీని అందరూ రేపు మాస్టరు అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పిన రోజున బట్టలిచ్చిన పాపాన పోలేదు మరి. ఎవరడిగినా "రేపు రండి" అనేవాడు. పనితనానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

కడుపునొప్పి అంటే డాక్టరు పిత్తాశయానికి స్కాను రాశారు. నరంలోకి కాస్త రేడియోధార్మిక మందు ఎక్కించి, కాలేయంలోంచి అది ఎటు పోతోందో కెమెరాతో చూస్తారు. స్కాను తీసే అమ్మాయి ఆసుపత్రి గౌను ఇచ్చింది. మాస్టరు దాన్ని తిరగేసి చూసి ముఖం చిట్లించాడు.

"ఈ కుట్టు చూడమ్మా, ఎన్ని వంకర్లు పోయిందో. ఇది తొడుక్కుని పడుకోవడం నా వల్ల కాదు."

వాచీ, బెల్టూ, తాళాలూ బుద్ధిగా తీసిచ్చి, సొంత చొక్కాతోనే పడుకున్నాడు.

పిత్తాశయం నిక్షేపంగా ఉంది. కాలేయం మీద మాత్రం మందు చేరనట్టు నల్లమచ్చ ఒకటి గుండ్రంగా కనబడింది.

"గడ్డ కావచ్చు, కాకపోనూ వచ్చు. వారం తర్వాత మళ్ళీ తీద్దాం" అన్నారు డాక్టరు. మొదటి ముక్కే మాస్టరు చెవికెక్కింది.

ఇక చూడాలి ఆయన హడావిడి. పోయేలోగా ఎవరి బట్టా ఉంచుకోనని మిషను ముందు కూర్చున్నాడు. నాలుగేళ్ళ కిందటి పెళ్ళికోటు కూడా కుట్టి, తనే మోసుకెళ్ళి ఇచ్చాడు. ఆ పెళ్ళికొడుక్కి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ఇంత పొట్ట. బొత్తాం పట్టలేదు. భార్య మాత్రం పక్కన కూర్చుని కాజాలు కుడుతూ, వేళకి వడ్డిస్తూ, ఒక్క మాటా అనలేదు. ఈవిడకి చీమ కుట్టినట్టయినా లేదే అని ఆయన లోలోపల కుమిలిపోయాడు.

వారం తిరిగింది. ఈసారి భయంతో నోరెత్తకుండా గౌను తొడుక్కున్నాడు. మచ్చ లేదు. కాలేయం శుభ్రంగా ఉంది. అమ్మాయికి అనుమానమొచ్చి మేకుకు తగిలించిన చొక్కా తడిమింది. లోపలివైపు, కుడి డొక్క దగ్గర ఒక దొంగజేబు. అందులో సీసం బిళ్ళ. కత్తిరించేటప్పుడు బట్ట జరగకుండా పైన పెట్టేది.

"ఇది ఒంటి మీద ఎందుకండీ? సీసం ఆ మందు కిరణాల్ని కెమెరాకి అందనివ్వదు. మచ్చ అని మేం చూసింది దీన్నే."

"షాపులో పెడితే పోతుందమ్మా. నా చొక్కాలన్నిటికీ ఆ జేబుంటుంది. బెల్టు అడిగారు, ఇచ్చాను. దీన్నెవరడిగారు?"

డాక్టరుకి నవ్వాగలేదు. మాస్టరూ నవ్వుకుంటూ బయటికొచ్చి, అక్కడ ఎదురుచూస్తున్న భార్యకి చెప్పాడు. ఆవిడ బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమీ లేదంటే ఏడుస్తావేంటే?"

"లేదన్నారు కాబట్టే ఏడుస్తున్నా. వారం నుంచి మీ ముందు కంటతడి పెట్టకూడదని ఎంత బిగబట్టుకున్నానో మీకేం తెలుసు."

మాస్టరు నవ్వు మాయమైంది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. షాపు తెరిచే వేళ దాటిపోయినా లేవలేదు.